ఖర్జూరపు గింజల ఓట్లు

గల్ఫ్‌లోని అల్ మవాలేలో నేను పనిచేసే దుకాణానికి కొత్త ఖర్జూరం వచ్చిన రోజు, అట్టపెట్టె విప్పగానే ఆ తియ్యటి జిగురు వాసన తగిలి పోశన్న కాక గుర్తొస్తాడు. ఇక్కడికి రాకముందు నేను పనిచేసిన బర్కా తోటలో మాకు మేస్త్రీ ఆయన. జగిత్యాల వైపు మనిషి. పని దగ్గర కోపిష్టి, అన్నం దగ్గర పరాచికాల మనిషి. సొంత చిన్నాన్న కాడు గానీ, నలుగురిలో ఎలా మసలుకోవాలో నాకు నేర్పింది ఆయనే.

ఆ ఏడు తోట యజమాని, మేం అర్బాబ్ అని పిలిచే పెద్దమనిషి, ఒక మాట చెప్పాడు. అప్పటిదాకా మాకు రెండేళ్లకోసారే ఊరికి సెలవు. వారపు సెలవైన శుక్రవారాలు కూడా డ్యూటీ చేస్తే ఏటా పంపిస్తానన్నాడు. కానీ అందరికీ ఒకటే పద్ధతి, మీలో మీరే తేల్చుకోండి అన్నాడు. రూములో రెండు వర్గాలు లేచాయి. కుర్రాళ్లకు శుక్రవారం ప్రాణం. కాకకు ఊరు ప్రాణం. ఆయన కూతురికి ఆడపిల్ల పుట్టి నడక కూడా నేర్చింది, ఆ పిల్లను కాక ఫోనులో తప్ప చూడలేదు. ఈసారి పోకుంటే తనను చూసి కొత్త మనిషని ఏడుస్తుందని దిగులుపడేవాడు. నేనూ ఆయన పక్షమే.

మాలో చదువు రానివాళ్లున్నారు కాబట్టి గింజలతో ఓటు పెడదామన్నది కాకే. ఒక్కొక్కరికి ఒక ఖర్జూరపు గింజ, ఒక చింతగింజ ఇచ్చాడు. ఏటా సెలవు కావాలంటే ఖర్జూరపు గింజ, శుక్రవారం కావాలంటే చింతగింజ, మూతకు కన్నం చేసిన పాలపొడి డబ్బాలో వేయాలి. రెండోది కాలవలో పారేయాలి. అందరూ ఒక్కొక్కరే పంపు గది వెనక్కి వెళ్లి వచ్చారు. లెక్కపెట్టే పని మాత్రం సైలుకు అప్పగించాడు. శుక్రవారం పోకూడదని అందరికంటే గట్టిగా గొడవపడ్డవాడు ఆ సైలే. పరిచిన తువ్వాలు మీద డబ్బా బోర్లిస్తే ఖర్జూరపు గింజలు కుప్పగా పడ్డాయి. మేం ఈలలు వేశాం. సైలు ముఖం మాడిపోయింది. కాక నవ్వలేదు.

"మందికంటే గింజలే ఎక్కువున్నయి గదరా" అన్నాడు.

సంగతి తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. మా తోటలో ఖర్జూరం పళ్లెం పక్కన ఎప్పుడూ ఒక ఖాళీ డబ్బా ఉంటుంది, తిన్న గింజ అందులో వేస్తాం. చివరి ఓటు పడ్డాక ఎవరో ఓట్ల డబ్బా తెచ్చి ఆ పళ్లెం పక్కనే పెట్టారు. సైలు చేతులు కడుక్కుని వచ్చేలోపు కబుర్లలో పడి, తిన్న గింజలన్నీ అలవాటుగా ఆ కన్నంలోనే వేశాం. తడిగా ఉన్నవి ఏరేసి ఎండినవి లెక్కపెడదామన్నాను నేను. ఎలా చూసినా మేమే గెలుస్తామని నా ధీమా.

"ఏది ఓటో ఏది ఎంగిలో నువ్వు చెప్తే సైలు ఎందుకు నమ్మాలె? ఓడినోడు ఒప్పుకోవాలెరా, అప్పుడే అది లెక్క" అన్నాడు కాక. తువ్వాలు కొసలు పట్టి ఎత్తి గింజలన్నీ చెట్ల మొదట్లో పారబోశాడు. శనగలు, పెసలు పంచి మళ్లీ ఓటు పెట్టాడు. ఈసారి చివరి ఓటు పడగానే డబ్బా తిన్నగా సైలు చేతికే వెళ్లింది.

కొద్ది తేడాతో శుక్రవారం గెలిచింది. నాకు ఒళ్లు మండిపోయింది. మొదటి లెక్కే ఉంచితే అడిగేవాడెవడని ఆయనతో పోట్లాడాను. ఆయన అర్బాబ్ దగ్గరికి తానే వెళ్లి, మాకు శుక్రవారాలే కావాలని చెప్పి వచ్చాడు.

ఆ సాయంత్రం కాకకు ఇంటి నుంచి ఫోనొచ్చింది. ఎప్పుడొస్తున్నావని చిన్నమ్మ అడుగుతోంది. వెనక పిల్ల కేరింతలు నాకూ వినిపించాయి. కుర్రాళ్లను తిడతాడనుకున్నాను, కనీసం వాళ్లే అడ్డుపడ్డారని చెబుతాడనుకున్నాను. కాక చెప్పింది మాత్రం ఇదే.

"ఈ యేడు వచ్చుడు లేదే. మేమందరం కూసొని గట్లనే అనుకున్నం."

పక్కనే సైలు ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. తల ఎత్తలేదు.

అంత పెద్దమనసు నేను ఇంకెక్కడా చూడలేదు. ఇప్పటికీ నలుగురం కలిసి తేల్చుకున్నది నాకు ఎదురుతిరిగితే, నోటిదాకా వచ్చిన నిష్ఠూరం మింగి, అది నా నిర్ణయం కూడా అని చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఒక్కోసారి చేతకాదు. కాక మాత్రం ఆ ఏడంతా, ఇంటి నుంచి ఎన్నిసార్లు అడిగినా, ఇంకో మాట అనలేదు.