లోపలా బయటా ఏకాంబరం

మా చిత్తూరు ఏకాంబరాన్ని ఏ ప్రశ్న అడిగినా జవాబు రాదు. ఇంకో ప్రశ్న వస్తుంది: "లోపలా, బయటా?"

హోటల్లో సర్వరు "సాంబారు పోసేదా సామీ?" అంటే చాలు, మనవాడికి గడ్డం కిందికి చెయ్యి పోయేది. "ఇడ్లీ మిందనా, గిన్నెలో వేరేగానా? మింద పోస్తే కలిసిపోతాది. వేరేగా అయితే దేని రుసి దానికుంటాది, కానీ ముంచుకుని తినే పని పెరగతాది..." ఆ సంగతి తేలేలోపల ఇడ్లీ గోడ కట్టుకునే ఇటుకైపోయేది. సర్వరు పక్క బల్లకు పోయి, వాళ్ళు తిని చేతులు కడుక్కున్నాక మళ్ళీ వచ్చేవాడు.

ఈ జబ్బు అతనికి వృత్తిలోంచి అంటుకుంది. బజారువీధిలో రేడియోల కొట్టు అతనిది. ఊరంతా ట్రాన్సిస్టర్లు జేబులో పెట్టుకు తిరుగుతున్న రోజుల్లో కూడా అతనికి పాత రేడియోల్లో వెలిగే గాజు బుడ్లు, ఆ వాల్వులే దేవుళ్ళు. రికార్డు మీద సూది చేసే చప్పుడు చీమ గొంతంత ఉంటుందట. దాన్ని ముందు ఒక చిన్న వాల్వు పెంచితే గానీ పెద్ద వాల్వులకు వినపడదట. ఆ చిన్న వాల్వును పెద్ద పెట్టెలోనే ఇమడ్చాలా, దానికి వేరే పెట్టె కట్టాలా అన్నదే అతని జీవిత సమస్య. బడి అయివారినని నా దగ్గరే మొరపెట్టుకునేవాడు.

"లోపల పెడితే అయివారా, అంతా ఒకే కాపరం. తీగెల రద్దీ లేదు. కానీ పక్కనే ట్రాన్స్‌ఫార్మరు ఉండాదే, అది గుయ్యిమంటా సిన్నదాని సెవులు కొరకతానే ఉంటాది."

"అయితే వేరే పెట్టెయ్యవయ్యా!"

"వేరు కాపరమంటే ఇంకో పెట్టె, ఇంకో తీగె. తీగె పొడుగైతే మళ్ళా గుయ్యి!"

"మరేం చేస్తావు?"

"అదే గదా!"

ఒకనాడు ఇంట్లో కూర్చుని తనలో తను అనుకున్నాడట, "ఒకే కప్పు కింద ఉంటే ఈ గుయ్యి ఆగదు. బయట పెట్టేస్తేనే సుఖం" అని. వంటింట్లో ఉన్న అత్తగారు కుప్పమ్మ చెవిన ఆ మాట పడింది. అంతే, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని తన ఊరు సూళ్లూరుపేటకు బస్సెక్కేసింది. ఏకాంబరం వాల్వు చేత్తో పట్టుకుని బస్టాండుకు పరిగెత్తాడు.

"నిన్ను గాదత్తా, దీన్ని!"

"నేను గుయ్యిమంటానా?"

"నువ్వు కాదు, ట్రాన్స్‌ఫార్మరు!"

"దాని పేరు పెట్టి నన్ను తిడతా ఉండావా!"

బస్సులో ఉన్నవాళ్ళందరూ కలిసి కుప్పమ్మను దింపారు. ఏకాంబరానికి మాత్రం ఆ క్షణంలోనూ అనుమానమే. పెట్టె బస్సు పైనుందా, లోపలుందా అని కండక్టరును అడుగుతూ నిలబడ్డాడు.

ఇలాంటివాడి దగ్గరికి వచ్చి చేరింది బెల్లం మండీ వాళ్ళ రికార్డుల సెట్టు. మండీ పెద్దాయన మద్రాసు నుంచి మోజుగా తెచ్చుకున్నది. ఆయన పోయాక కొడుకులు దేవరాజులు, ధనంజయ చెరుకుకు నీళ్ళు ముందెవరు కట్టాలని కొట్లాడుకుని వేరుపడ్డారు. పెద్దమనిషిగా నన్ను పిలిచారు. అయివారి మాట వింటామంటూనే నా ఎదుట నడిమింట్లో గోడ లేపేశారు. తల్లి మునిలక్ష్మమ్మకు పొద్దున కాఫీ పెద్దకొడుకింట్లో, మధ్యాహ్నం కూడు చిన్నకొడుకింట్లో. ఈ పక్క నుంచి ఆ పక్కకు పోవాలంటే మోకాళ్ళు పట్టుకుని, వీధి చుట్టి రావాలి.

"మీ నాయన నాదస్వరం రికార్డు ఇని ఎన్నాళ్ళాయనో" అని ఆవిడ అంటే, "వాడి పక్క పెడితే నేనొప్పుకోను" అని ఇద్దరూ ఒకే మాట. ఆ ఒక్క మాటలోనే వాళ్ళు అన్నదమ్ములు.

సెట్టు బాగుచేయడానికి ఏకాంబరం ఇద్దరినీ శుక్రవారమే రమ్మనేవాడు. ఇద్దరూ ఒకే వేళకు వచ్చేవారు. మొహాలు చెరో దిక్కు.

"అయ్యిందా సామీ?" అనేవాడు దేవరాజులు.

"అయిపోయినట్టే. కానీ లోపలా, బయటా?"

"పోయిన వారం గూడా ఇదే అన్న్యావు గదప్పా!" అని ధనంజయ లేచేవాడు.

"అట్లడగరా వాణ్ణి!" అని అన్న వంతపాడేవాడు. తమ్ముడితో మాట్లాడేశానని నాలుక కరుచుకునేవాడు.

చివరికి ఒకరోజు ఏకాంబరం రెండు పెట్టెలు మోసుకుని వాళ్ళింటికే వచ్చాడు. నేనూ ఉన్నాను. "తేల్చేసినా! వేరు!" అన్నాడు. మా అందరికీ గుండెల మీది బండ దిగినట్టయింది. పెద్ద పెట్టె, స్పీకరు అన్నకు. చిన్న పెట్టె, రికార్డు తిప్పే మిషను తమ్ముడికి.

"పంపకం బాగుండాది" అన్నాడు దేవరాజులు. తీరా మీట నొక్కితే చప్పుడు లేదు.

"యాడి నుంచి వస్తాది? గొంతు నీ పక్క, మాట వాడి పక్క. సిన్నదానికి కరెంటు గూడా పెద్దదే ఇయ్యల్ల. తీగె కలపల్ల."

"అయితే వీధిలోంచి తీగె లాగు."

"పొడుగైతే గుయ్యి!"

గోడకు బెజ్జం పడింది. నాదస్వరం మోగింది. మునిలక్ష్మమ్మ కళ్ళు మూసుకుని తల ఊపింది. ఏకాంబరం మాత్రం మొహం చిట్లించాడు. "వాల్వుకు గాలి ఆడలేదు. బెజ్జం ఇంకొంచెం పెద్దది సేయల్ల."

మరుసటి వారం మళ్ళీ అదే మాట. అప్పటికి బెజ్జంలోంచి చెయ్యి పట్టేది. పెద్దకోడలు అటువైపుకు పచ్చడి అందించింది. ఆ పై వారం ఇటునుంచి మురుకుల డబ్బా వచ్చింది. ఏకాంబరం గాలి, గాలి అంటూనే ఉన్నాడు. ఇటుకలు రాలుతూనే ఉన్నాయి. చివరికి ఒకరోజు మునిలక్ష్మమ్మ తల వంచి, ఆ కంతలోంచి అటుపక్కకు నడిచిపోయింది. వీధి చుట్టకుండా! కొడుకులిద్దరూ గబుక్కున చెరో చెయ్యీ పట్టుకున్నారు.

నేను ఏకాంబరం చెవిలో అడిగాను, "నిజంగా వాల్వుకు గాలి ఆడలేదా?"

"ఆడకపోయింది వాల్వుకు గాదులే అయివారా."

"ఇంతకీ ఏది మంచిది? లోపలా, బయటా?"

"లోపలే. మొదటి వారమే తెలిసిపోయినాది. గోడ సూసినాక బయట పెట్టినా." అలా అని చెప్పుకోవద్దని నా చెయ్యి నొక్కాడు.

పోనీలే, ఊరికి ఈ లోపలా బయటా పీడ విరగడైందని అందరం నవ్వుకుంటుంటే, కంతకు ద్వారబంధం పెట్టడానికి వడ్రంగి వచ్చి కొలతలు తీస్తున్నాడు. ఏకాంబరం గడ్డం కిందికి చెయ్యి పోవడం నేను చూశాను. ఆపేలోపల అననే అన్నాడు.

"ఏమప్పా దేవరాజులూ, ఈ తలుపు లోపలికి తెరిసేదా, బయటికా?"

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ వడ్రంగి వైపు తిరిగి ఒక్కసారే అరిచారు:

"తలుపే వద్దు సామీ!"