ఉప్పుటేట్లో గోదారి మొనగాడు

బతుకును సొంత చేతులతో బురదలోకి తోసుకున్నవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. డెబ్బైల్లో మస్కట్ దగ్గర ఘుబ్రాలో మా సైట్. ఇంటిదగ్గర పుట్టిన కూతురికి ఎనిమిదో నెల, నేనింకా ముఖం చూడలేదు. రెండు నెలల లీవు కాగితం మీద ఇంజనీరు దొర సంతకం కావాలి. ఆయన మూడుసార్లు 'బాద్ మే', తర్వాత చూద్దాం, అన్నాడు.

ఆ దొరకు శుక్రవారాల్లో మడ చెట్ల మధ్య ఉప్పుటేట్లో పడవ మీద చేపలు పట్టే సరదా. ఆ వారం తెడ్డు వేసేవాడికి జ్వరమని వినగానే, గోదారి ఒడ్డున పుట్టానంటూ ముందుకు దూకాను. పుట్టిన మాట నిజమే. ధర్మపురి దగ్గర ఎవరో నడిపితే కూర్చుని దాటాను తప్ప తెడ్డు ముట్టిన పాపాన పోలేదు.

నా రూమ్‌లో ఉండే నరసాపురం దానియేలు ఆపబోయాడు.

"ఒరేయ్, అది గోదారి కాదు. పోటుకి నీళ్ళొస్తాయి, పాటుకి పోతాయి. చూసుకెళ్ళు."

"గోదారి మీ కాడికొచ్చేటాలకు ముసల్దయితదన్నా. పడుచుగున్నప్పుడు చూసినోణ్ణి నేను," అన్నాను.

పడవ లోపలికి దానంతట అదే పోయింది. అదంతా నా కండబలమే అనుకున్నాను, దొర కూడా మెచ్చుకున్నాడు. ఆయన గాలం వేస్తే, నేను ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కాగితం తడుముకుంటూ, ఇంకో చేప పడ్డాక అడుగుదామని ఆగాను. ఆ తర్వాత ఇంకో చేప. ఆశకు అంతుండాలి కదా! ఇంతలో పడవ పక్కకు ఒరిగింది. చుట్టూ బురద, పీతలు.

మా ఇద్దరిదీ విరిగిన హిందీ. మీకోసం తెలుగులో చెబుతున్నాను.

"నీళ్ళేవి?"

"పోయినయ్ సాబ్."

"మళ్ళీ ఎప్పుడొస్తాయి?"

"మా గోదార్ల అయితే పోయిన నీళ్ళు మళ్ళ రావు సాబ్."

దొర దిగి తోయబోయి మోకాళ్ళదాకా దిగబడ్డాడు. లాగబోయి నేను ఆయన మీదే పడ్డాను. ఏరు దాటాక బోడి మల్లయ్య అంటారు, నేను దాటకముందే అయ్యాను. ఎండలో గంటలకొద్దీ కూర్చున్నాం. పాప ముఖం ఇక చూడనేమోనని వెక్కివెక్కి ఏడ్చాను. ఎందుకని దొర అడిగితే కాగితం తీసి చూపించాను.

ఆయన వెంటనే పెన్ను తీసి, ఏదో రాసి, సంతకం చేశాడు. బురద చేతులతోనే దండం పెట్టాను. సాయంత్రం నీళ్ళొచ్చి బయటపడ్డాక, నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి దానియేలు చేత చదివించాను.

"రెండు నెలలన్నది కొట్టేశాడ్రా," అన్నాడతను మెల్లగా. "ఇక తిరిగి రానక్కర్లేదంట."

అందుచేత ఆ రోజే పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేశాను: మా పాపకు స్నానం చేయించే గంగాళం తప్ప, మరే నీళ్ళ దగ్గరా నాకు తెలుసని అనను.