నోరు కట్టేసిన హెచ్చరిక

"నెట్‌వర్క్‌లో ఏదో తేడా" అన్న మాట వింటే లోర్నా హాపలాకు ఒళ్లు మండుతుంది. కెనడాలోని థండర్ బే ఊళ్లో తను ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు రాగానే మంచు బూట్లు గుమ్మం దగ్గర విప్పేసి, ఉన్ని మేజోళ్లతోనే నేల అదిరేలా నడుస్తుంది. కళ్లద్దాలు ఎప్పుడూ నెత్తి మీదే ఉంటాయి. కోపం వస్తేనే కళ్ల మీదికి దిగుతాయి. ఆ రోజు వస్తూనే దిగాయి. ఉత్తరాన మారుమూల క్లినిక్ నుంచి పంపిన ఒక పిల్ల ఛాతీ ఎక్స్‌రే ఇక్కడి ఆసుపత్రికి చేరేసరికి కింది సగం బూడిదరంగు ముద్ద అయింది. మళ్లీ ఎక్స్‌రే తీయడానికి దగ్గుతున్న ఆ పిల్లను విమానంలో రప్పించారు.

"నెట్‌వర్కే అయ్యుంటుంది" అన్నాడు మేనేజరు డేల్, గులాబీరంగు తీపి పూత పూసిన బన్ను కొరుకుతూ. లోర్నా ఎక్స్‌రేలను ఆసుపత్రికి చేరవేసే తమ ప్రోగ్రాం తెరిచింది. పంపిందీ అందిందీ ఒకటేనా అని సరిచూసి, తేడా ఉంటే మేనేజరు ఫోన్‌కు హెచ్చరిక పంపే తనిఖీ అందులో ఉండాలి. ఉంది, కానీ ఆపేసి ఉంది.

"ఎవరు ఆపారు?"

"నేనే. ఊరికే మోగి ప్రాణం తీస్తోంది, లోర్నా. తిననివ్వదు, పడుకోనివ్వదు."

"దొంగను చూసి కుక్క మొరిగితే, కుక్క నోరు కట్టేశావా నాయనా?"

తనిఖీని మళ్లీ పెట్టి, హెచ్చరిక వెళ్లే నంబరు మార్చింది. "ఇక నీకు మోగదులే, హాయిగా తిను. నేరుగా ఆ ఎక్స్‌రేలు చూసే డాక్టరుకే వెళ్తుంది."

డేల్ మొహం వెలిగింది. బన్ను అయిపోకముందే అతని బల్ల మీద ఫోను మోగింది. తెర మీద, హెచ్చరిక అందుకున్న ఆ డాక్టరు పేరు.

"ఎత్తు నాయనా," అంది లోర్నా, "నెట్‌వర్కేమో."