మాస్టారి తొట్టిలో మొసలిమూతి చేప

జ్ఞానప్రకాశం మాస్టారికి కోపం వస్తే ముందు కళ్లజోడు తీస్తారు. ఆ సంగతి పిల్లలందరికీ తెలుసు. కళ్లజోడు బల్ల మీదికి చేరిందంటే తొమ్మిదో తరగతి మొత్తం తలలు పుస్తకాల్లో దూర్చేస్తుంది. భీమవరానికి ఎనిమిది మైళ్ల దూరంలో ఒక హైస్కూల్లో ఇరవై ఆరేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్న ఆ మనిషికి కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. కప్ప బొమ్మలో ఒక వేలు తక్కువ గీసినా చాలు. అబద్ధం చెప్పడం, తెలియకుండా చెప్పడం, ఆయన లెక్కలో రెండూ ఒకటే నేరం. తాను మాత్రం క్లాసులో ఒక్క తప్పు మాట చెప్పి ఎరగనని ఆయన నమ్మకం. ఊళ్లో ఆయన తలెత్తుకు తిరిగేది ఆ ఒక్క నమ్మకం మీదే.

రెండువేల ఆరులో గురుపూజోత్సవం నాడు పాత విద్యార్థులు వచ్చి, వద్దు మొర్రో అన్నా వినకుండా శాలువా కప్పి, ఒక గాజు తొట్టి కూడా ఇచ్చి పోయారు. రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు. అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు. వారం రోజులు చూశారు మాస్టారు. ఎనిమిదో రోజు పొద్దున్న కాఫీ గ్లాసు ఠపీమని కింద పెట్టారు.

“ఇవి చేపలా, పకోడీలా? తింటాయి, తోక ఊపుతాయి, మళ్లీ తింటాయి. సిగ్గు లేకుండా!”

“పాపం, వాటి మీద కూడా ఎందుకండీ కోపం?” అంది భార్య సువార్తమ్మ.

“వేటాడే చేప కావాలి నాకు. కాచుకుని కూచుని ఒక్క దెబ్బలో పట్టేది. ఆహార గొలుసు అని ఇన్నేళ్లుగా సుద్దముక్కతో గీస్తున్నా. ఒక్కసారైనా పిల్లలకి కళ్లతో చూపించాలా వద్దా?”

ఆ ఆదివారం చర్చి అవగానే స్కూటరేసుకుని భీమవరం వెళ్లారు. అక్కడ రంగు చేపల కొట్టు నడిపే అచ్చిబాబు ఆయన పాత విద్యార్థే. మాస్టారిని చూడగానే లుంగీ దించి, స్టూలు తుడిచి వేశాడు. ఆస్కార్ చేపను చూపించాడు. బాగానే ఉంది గానీ, మనిషిని చూస్తే కుక్కపిల్లలా గాజు దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. వేటాడేదానికి ఈ ముద్దులేంటని మాస్టారు తోసిపుచ్చారు. ఆరోవానా చూపించాడు. అది ఎగిరి బయట పడుతుందట. చివరికి ఒక మూలనున్న తొట్టి మీద కప్పిన గోనెసంచి తీశాడు. జానెడు పుల్ల ఒకటి నీళ్లలో కదలకుండా తేలుతోంది. దానికి మొసలి మూతి. అచ్చిబాబు ఒక చిన్న రొయ్యను వేశాడు. పుల్ల కదిలినట్టే లేదు. తల పక్కకి ఒక్క విదిలింపు విదిలించింది, అంతే, రొయ్య లేదు.

“ఇదేంట్రా!” మాస్టారికి ఒళ్లు పులకరించింది.

“ఎలిగేటర్ గార్ అండి. అమెరికా చేప. కలకత్తా నుంచి రప్పించానండి.”

“ఎంత పెరుగుద్ది?”

“తొట్టిని బట్టేనండి, సార్.”

ఇక్కడే ఇంకో ప్రశ్న వేయాల్సింది. తొట్టిని బట్టంటే ఏంట్రా, ఎవరు చూశారు, ఎక్కడ చూశారు అని అడగాల్సింది. ఊళ్లో ప్రతివాణ్నీ అడిగే మనిషి ఆ పూట అడగలేదు. ఎందుకంటే ఆ మాట ఆయనకీ తెలుసు. ఆ చుట్టుపక్కల వరి చేలన్నీ చేపల చెరువులైపోయాక పుట్టిన మాట అది. హేచరీ నుంచి తెచ్చిన చేపపిల్లను చిన్న చెరువులో కిక్కిరిసేలా వేసి, మేత తగ్గించి, ఏడాదిపాటు వేలెడంతే ఉంచుతారు. తర్వాత పెద్ద చెరువులో వదిలితే ఆరు నెలల్లో కేజీ తూగుతుంది. అందుకే నీళ్లు ఎంతో చేప అంతే అని ఆ ప్రాంతంలో ఎవరిని లేపి అడిగినా చెబుతారు. మాస్టారు పాతికేళ్లుగా క్లాసులో చెబుతున్నదీ అదే. కవర్లో నీళ్లు పోయించి, మొసలిమూతిని స్కూటర్ హుక్‌కి తగిలించుకుని ఇంటికొచ్చేశారు. గోల్డ్‌ఫిష్‌లు పక్కింటికి వెళ్లిపోయాయి.

నవంబరులో ఆ పాఠం వచ్చింది. మాస్టారు మంచి ఊపులో ఉన్నారు. “జీవి తన పరిసరాలకు తగ్గట్టే ఎదుగుతుంది. చేపని తొట్లో వేస్తే తొట్టికి తగ్గట్టు ఆగిపోద్ది, చెరువులో వేస్తే చెరువుకి తగ్గట్టు పెరుగుద్ది. కావాలంటే మా ఇంటికొచ్చి చూడండి,” అన్నారు.

మూడో బెంచీలో పావని లేచింది. చేపల చెరువు కాపలా కాసే అప్పాజీ కూతురు. మాటకి ముందు చెయ్యెత్తే పిల్ల.

“ఆగదండి, సార్. చచ్చిపోతాయండి.”

“ఏంటీ?”

“చిన్న చెరువులో చేపపిల్లండి. మా నాన్న రోజూ పొద్దున్నే చేతివలతో చచ్చినవి తీసి గట్టు మీద పారేస్తాడండి. బుట్టలకి బుట్టలండి. కొన్నిటికి వెన్ను వంకరపోద్దండి. బతికినవే పెద్ద చెరువులోకి వెళ్తాయండి. మీకు అవే కనపడతాయండి.”

క్లాసులో ఎవడో కిసుక్కున నవ్వాడు. మాస్టారి కళ్లజోడు బల్ల మీదికి వచ్చింది.

“నువ్వు చెప్పేదేంటి, నేను చెప్పేదేంటి? మీ నాన్న ఎంతవరకు చదివాడు? ఎక్కు బెంచీ!”

పావని ఎక్కింది. ఆ వారమంతా జీవశాస్త్రం పీరియడ్ బెంచీ మీదే నిలబడింది. మొదటి రోజు ఏడ్చింది. రెండో రోజు నుంచి ఏడవలేదు, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. పద్నాలుగేళ్ల పిల్ల కళ్లారా చూసింది చెప్పినందుకు పడిన శిక్ష అది. మాస్టారు మాత్రం శనివారానికల్లా దాన్ని మరిచిపోయారు.

మొసలిమూతి మాత్రం పెరగడం మరిచిపోలేదు. క్రిస్మస్‌కి అడుగు. ఈస్టర్‌కి అడుగున్నర. అడుగు వెడల్పు తొట్టిలో తిరగడానికి చోటు లేక, ముందు తోక మడిచేది. తర్వాత నడుము వంచి, మూతి గాజుకి రాసుకుంటూ తిరిగేది. రాసి రాసి మూతి చివర తెల్లగా పుండు పడింది. మాస్టారు రోజూ చూస్తూనే ఉన్నారు. ఆగిపోతుంది, ఇక ఆగిపోతుంది అనుకుంటూ నెల తర్వాత నెల గడిపారు. జూలై మొదటి వారంలో సువార్తమ్మ తొట్టి తుడుస్తూ చెయ్యి ఆపేసింది.

“ఏవండీ, ఇటు రండి. ఇది తిన్నగా లేదండి.”

నిజంగానే లేదు. గాజుకి దూరంగా, ఖాళీ నీళ్లలో ఉన్నా దాని వెన్ను ఎడమవైపుకి కొడవలిలా వంగి ఉంది. మాస్టారు స్కేలు పెట్టి కొలిచారు. మళ్లీ కొలిచారు. స్కేలు విసిరికొట్టారు. చొక్కా గుండీలు సరిగా పెట్టుకోకుండానే స్కూటర్ తీశారు. దారి పొడుగునా అచ్చిబాబుని తిట్టుకుంటూ వెళ్లారు. దొంగ వెధవ, నోరు లేని ప్రాణాన్ని గాజుపెట్టెలో కుక్కి అమ్ముకునే కసాయి అని.

కొట్టు మెట్టెక్కక ముందే అరుపు మొదలైంది.

“నోరు తెరిస్తే అబద్ధమేనా నీకు? తొట్టిని బట్టి పెరుగుద్దని ఏ నోటితో చెప్పావురా? దాని వెన్ను విరిచేశావు కదరా! ఎవడు చెప్పాడ్రా నీకు, ఏ పుస్తకంలో ఉంది?”

అచ్చిబాబు బిత్తరపోయి నిలబడ్డాడు. కొట్టులో ఉన్న ఇద్దరు ముగ్గురు గిరాకీలు ఇటే చూస్తున్నారు.

“అదేంటండీ సార్, మీరే కదండీ చెప్పింది!”

“నేనా?”

“తొంభై రెండులోనండి. తొమ్మిదో తరగతి. పరీక్షలో కూడా వచ్చిందండి, రాశాను. చదువులో నాకు గుర్తుండిపోయింది అదొక్కటేనండి. కొట్టు పెట్టాక ఎవరడిగినా అదే చెబుతున్నాను. మా జ్ఞానప్రకాశం మాస్టారు చెప్పారని కూడా చెబుతానండి. మీ పేరు చెబితే ఇంక మారు మాట్లాడరండి.”

వాడి గొంతులో వెటకారం లేదు. ఉండి ఉంటే బాగుండేది, ఒక్క లెంపకాయ వేసి వచ్చేవారు. మాస్టారి చెయ్యి కళ్లజోడు దాకా వెళ్లి ఆగింది. కొట్టు పెట్టినప్పటినుంచి ఇక్కణ్నుంచి ఎన్ని చేపలు ఎన్ని గాజు తొట్లలోకి తన పేరుతో వెళ్లాయో!

“పోనీ కాలవలో వదిలేయండి సార్,” అన్నాడు అచ్చిబాబు, సాయం చేద్దామని.

“కాలవలో వదిలితే అందులో ఉన్నవన్నీ తినేస్తుంది. ఇంకో తప్పు కూడా నా చేత చేయిస్తావా?” అని అరిచి బయటికొచ్చేశారు. ఆ అరుపు అచ్చిబాబు మీద కాదని ఆయనకీ తెలుసు.

అప్పుడు గుర్తొచ్చింది బెంచీ. ఆ పిల్ల చెప్పిన మాటలు వరసగా గుర్తొచ్చాయి. చచ్చిపోతాయండి. వెన్ను వంకరపోద్దండి. మీకు అవే కనపడతాయండి. ఇరవై ఆరేళ్లలో ఆయన క్లాసులో ఎవరైనా శాస్త్రం మాట్లాడారంటే అది ఆ పిల్లే. దానికి ఆయన ఇచ్చిన బహుమతి వారం రోజుల బెంచీ. తన మీద తనకి అసహ్యం వేసింది.

తిన్నగా చెరువు గట్టుకి వెళ్లారు. అప్పాజీ కంగారుపడి నులకమంచం వాల్చాడు. మాస్టారు కూచోలేదు. సంగతి చెప్పారు. మూతపడ్డ హేచరీలో సిమెంటు తొట్టి ఒకటి ఖాళీగా ఉందని, ఇరవై అడుగులుంటుందని, యజమానిని తాను అడుగుతానని అప్పాజీ అన్నాడు. గట్టు మీది కాపలా గుడిసె గుమ్మంలో పావని నిలబడి ఉంది.

“అమ్మా పావనీ, నువ్వు చెప్పిందే నిజం. నేను చెప్పింది తప్పు.”

“పర్లేదండి,” అంది పావని, లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు సాయంత్రం మొసలిమూతిని తడి గోనెలో చుట్టి తీసుకెళ్లి సిమెంటు తొట్టిలో వదిలారు. అంత నీళ్లు ఉన్నా అది తిన్నగా పోలేదు. ఎడమవైపుకే తిరుగుతూ ఉండిపోయింది. మాస్టారు చాలాసేపు చూసి, “ఇంక ఇంతేనా?” అన్నారు.

“ఇంక ఇంతేనండి. ఒకసారి వంగాక తిన్నగవదండి,” అన్నాడు అప్పాజీ. తర్వాత కొంచెం మొహమాటంగా, “మాస్టారూ, మీ తొట్టికి మట్టగిడసైతే సరిపోద్దండి. మన చేలల్లో ఉండేదే. జానెడు దాటదు, వేట మాత్రం గట్టిది. మూత పెట్టాలి, లేకపోతే పాక్కుంటూ పోద్ది. ఇదంతా మా పావని చెప్పిందండి, రాత్రి అన్నాలు తింటూ.”

ఊరంతా పులుసు పెట్టుకునే మట్టగిడస! కళ్ల ముందున్న జానెడు చేపను వదిలేసి కలకత్తా నుంచి వచ్చినదాని కోసం ఎగబడ్డ తన తెలివికి మాస్టారికి మళ్లీ ఒళ్లు మండింది.

సోమవారం పదో తరగతిలో నల్లబల్ల ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నారు. పోయిన ఏడాది చెప్పింది కొట్టేసుకోమన్నారు, పావని పేరు చెప్పి మరీ. పిల్లలు నోళ్లు తెరుచుకు చూశారు. తర్వాత గాజు తొట్టి బొమ్మ గీసి, కొలతలు వేసి, అడిగారు.

“దీంట్లో ఒక్క వేటచేప పెట్టాలి. పెరిగినా ఇరుకు కాకూడదు. ఏ చేప? ఎందుకు?”

చేతులు లేచాయి. కొర్రమీను అన్నాడొకడు, వాలుగ అన్నాడొకడు. పావని చెయ్యి లేవలేదు.

“పావనీ, నువ్వు చెప్పమ్మా.”

పావని లేచింది. పుస్తకం అంచు చూస్తూ నిలబడింది.

“తెలీదండి.”

“తెలుసమ్మా నీకు. చెప్పు.”

“తెలీదండి, సార్.”

మాస్టారి చెయ్యి తనకు తెలియకుండానే కళ్లజోడు తీసేసింది. కోపం గొంతు దాకా వచ్చింది. ఎవరి మీద అరవాలో ఆయనకి తెలుసు, ఆ మనిషి తానే. కానీ ఆ సంగతి పిల్లలకి తెలియదు కదా. నలభై తలలూ ఒక్కసారిగా పుస్తకాల్లోకి వంగిపోయాయి. పావని, ఆయన ఎక్కమనకముందే, బెంచీ ఎక్కడానికి ఒక కాలు పైన పెట్టింది.