ఖలీ వేస్తే ఖాళీ

ఆ రోజుల్లో నాకు మీసం కన్నా ముందు గొప్పలు మొలిచాయి. శ్రీకాకుళం వైపు మా ఊళ్ళో పరీక్ష తప్పితే, నాన్న నన్ను ఇనుప గనుల ఊరు బచేలిలో రైల్వే పని చేసే పెదనాన్న దగ్గరికి తోలేశాడు. "ఏదో ఒకటి సాధించి రా. ఉత్త చేతుల్తో ఈ గుమ్మం తొక్కావంటే చూడు!" కొండ తవ్వేవాళ్ళంతా బాగుపడుతున్న కాలం, నీళ్ళని నమ్ముకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఉసూరు అనే ఊరి నుంచి వచ్చి బచేలి శివార్లో స్థిరపడిన ఒక ముసలమ్మ (అందరికీ అవ్వే) చెరువు సగం పాలుకి పట్టాను. నీళ్ళలో బొచ్చె చేపపిల్లల్ని వదిలి, గట్టు మీద చిక్కుడు పాదులు పెట్టాను. అబ్బో, సముద్రమంత చెరువు! (సరే, మా క్వార్టరు పెరడంత.)

చేపలకి మేతగా, పాదులకి ఎరువుగా గింజల్లోంచి నూనె తీశాక మిగిలే చెక్క మంచిదని ఎవరో చెప్పారు. దాన్ని అక్కడ హిందీలో ఖలీ అంటారు. సంతలో అడిగితే కొట్టువాడు "కౌన్ సీ ఖలీ?" అన్నాడు. ఏ చెక్క అని అడగడానికి, చెక్కకి కూడా కులగోత్రాలుంటాయని నాకేం తెలుసు? "జో సస్తీ హో!" అన్నాను దర్జాగా. ఆ చవక బస్తా తెచ్చి, సగం పాదులకీ సగం నీళ్ళకీ చల్లాను. తెల్లారి చూస్తే చేపలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. ఇక ఏ మొహంతో ఇంటికెళ్ళను? గట్టు మీదే కూలబడ్డాను.

అవ్వ వచ్చి బస్తా వాసన చూసింది. "ఏంది బిడ్డా, ఇప్పగింజల చెక్క ఏసినవా? అది చేపలు పట్టేటందుకు ఏస్తరు గాని, పెంచేటందుకు ఎవడన్న ఏస్తడా?"

"ఖలీ అనే ఇచ్చాడవ్వా..."

"ఖలీ ఏస్తివి, ఖాళీ అయింది. లే, ఏడ్వకు. తినొచ్చు, ఏరు."

ఏరితే ఒక్కోటి మోచేయంత! (చూపుడువేలంత.) ఆ ఏడాదికి అవ్వ ఆశా అవే. పెదనాన్న ఆ చేపల పులుసు తిని, చెయ్యి కడుక్కుని, నన్ను ఇంటి దగ్గర దింపడానికి సెలవడిగాడు. సెలవు దొరికేసరికి, ఆ ఇప్పచెక్కే తిని చిక్కుడు పందిరి విరిగేలా కాసింది. అవ్వ తన పాలు కాయలు కూడా నా సంచీలోనే కుక్కింది. "తీస్కపో. మీ నాయన ముంగట ఉత్త చేతుల్తోటి నిలబడకు."

ఇంటి దగ్గర నాన్న గుమ్మంలోనే ఆపి సంచీ విప్పాడు. "ఉత్తరంలో రాసిన చేపలేవిరా?"

"గట్టెక్కినవి ఇవే నాన్నా," అన్నాను.

నాన్న పడీపడీ నవ్వాడు. (మీసం తెల్లబడ్డాక కూడా ఈ గొప్పలేమిటో! నవ్వలేదు. సంచీ అందుకుని, గుమ్మానికి అడ్డం తొలిగాడు.)