బజ్జీ నూనెలో చెంబెడు నీళ్లు

తెలంగాణ ఇంకా రాని, కరెంటు మాత్రం రోజూ పోయే రోజులవి. నాచారంలో ఫ్యాక్టరీ నౌకరీ మానేసి బయోడీజిల్ చేస్తానన్నాడు మా బావ. ఏడవడానికి అక్క ఉంది, నవ్వడానికి నేనున్నాను, అన్నీ అమరాయి.

రేకుల షెడ్డు ఒకటి అద్దెకు తీసుకున్నాడు. ఉప్పల్ బజ్జీ బండ్ల దగ్గర వాడేసిన నూనె తెచ్చి, మరిగించి తడి పోగొట్టడం నా పని. మందు కలిపి డీజిల్ చేయడం ఆయన పని. హబ్సిగూడలో ఫంక్షన్ హాలు ఓనరు ఒక డ్రమ్ము జనరేటర్‌లో పోసి చూస్తానన్నాడు. నచ్చితే షెడ్డు ఉంటుంది. లేదంటే బావ మళ్లీ ఫ్యాక్టరీ గేటు ముందుంటాడు.

డ్రమ్ము తెరిస్తే ప్రతిసారీ డీజిల్ బదులు సబ్బు.

"తడి ఉంటేనే గిట్లయితది. మరిగించినవా, ఫోన్ల ముచ్చట్లు పెట్టినవా?"

"మరిగించిన బావా. నీ మందే నకిలీదేమో."

అక్క ఇద్దర్నీ సమానంగా అనుమానించి, ఆ సబ్బుతో వాకిలి కడిగింది.

ఒక సాయంత్రం నూనెకు ముందుగానే వెళ్లాను. మాకు ఎక్కువ నూనె ఇచ్చే బజ్జీలక్క, ప్లేట్లు కడిగిన బకెట్లోంచి చెంబెడు నీళ్లు ముంచి మా క్యాన్లో పోస్తోంది. నేను మరిగించే గంటలో అన్ని నీళ్లు ఎక్కడ పోతాయి?

"ఏందక్కా గిది?"

ఆమె ఉలిక్కిపడనైనా లేదు. "మీరు దీన్ని తెల్లగ జేసి మళ్ల ప్యాకెట్లల్ల అమ్ముతరంట. గది నేనే కొనాలె, నా గిరాకీలు తినాలె. ఆళ్లకు కడుపు నొస్తే తిట్లు తినేది నేనే గాదా తమ్మి?"

"డీజిల్ జేస్తున్నమక్కా. బండ్లు నడుస్తయి."

"బజ్జీల నూనెకు బండ్లు నడిస్తే, నా బండి నేనెందుకు నూకుతున్న?"

బావను తీసుకొచ్చాను.

"నీళ్లొద్దక్కా, కిరోసిన్ కలుపు. ఎవ్వరు తినరు, మా పని చెడదు."

"రేషన్ కిరోసిన్ మీ పాలు జేయాల్నా?"

చివరికి రాజీ కుదిరింది. ఆమె కళ్ల ముందే మేము క్యాన్లో గ్లాసెడు డీజిల్ పోయాలి. వాసన చూసి ఆమె తలూపితేనే నూనె మాది.

ఈసారి సబ్బు కాలేదు. జనరేటర్ ఒక పెళ్లంతా ఆగకుండా నడిచింది. ఓనరు ఇంకో డ్రమ్ము అడిగాడు.

తర్వాతి క్యాన్లో పోయాల్సిన గ్లాసెడు డీజిల్ కోసం బంకు దగ్గర సీసాతో నిలబడ్డాం.

"బండేదన్నా?" అని బంకు కుర్రాడు బావను అడిగాడు.

"బండి లేదు. డీజిల్ జేసేతందుకే డీజిల్."

వాడు పైపు వెనక్కి లాక్కొని నా వైపు తిరిగాడు. "నువ్వన్నా నిజం చెప్పన్నా."