ధూళి చేరని గది

ముందు గంట వినపడేది. గాజు మీద గోరు తగిలినంత చిన్న గంట. దాని వెనక రేకు మీద వాన పడ్డట్టు టకటకలు. మళ్లీ గంట. వన్‌టౌనులో పాత పోస్టాఫీసు దాటి మా సందులోకి తిరిగితే, మనిషి కనపడకముందే నజీర్ అహ్మద్ ఇలా వినపడేవాడు. టైపుమిషను మీద వరస చివరికొస్తోందని చెప్పే గంట అది. ఆ గంటకీ గంటకీ నడుమ ఇంకో చప్పుడుండేది. చెవి అప్పగిస్తే తప్ప అందదు. లోపలి గదిలో ఆయన భార్య ఆమినాబీ ఊపిరి. ఉబ్బసపు పిల్లికూత.

వాళ్ల ఎదురింటి మేడ మీద నేను అద్దెకుండేవాణ్ణి. బడిపంతుల్ని. సాయంత్రాలు వాళ్ల అరుగు మీద కూర్చోవడం అలవాటైంది. నజీర్ అహ్మద్‌కి అప్పటికి యాభై దాటాయి. సన్నటి మనిషి. తెల్ల టోపీ, కార్బను కాగితాల నీలం ఇంకిపోయిన వేళ్లు. ఆ వేళ్లతో టీ గ్లాసు పట్టుకుంటే గ్లాసు మీద చిన్న చిన్న ఆకాశాలు మిగిలేవి.

రేవుకొచ్చిన ఓడల్లో ఏ సరుకుంది, ఎవరిది, ఎక్కడికి పోవాలి అన్న పట్టీలు టైపు చెయ్యడం ఆయన పని. ఒకప్పుడు ఓడల ఏజెంటు ఆఫీసులోనే కూర్చుని చేసేవాడు. ఓ రోజు ఇంటికి వచ్చేసరికి ఆమినాబీ గడప మీద పడి ఉంది, పెదాలు నల్లబడి. మర్నాడే మిషనును రిక్షాలో పెట్టుకుని ఇంటికి తెచ్చేశాడు. అప్పట్నుంచీ కాగితాలే ఆయన దగ్గరికొచ్చేవి. కళ్లు కాగితం మీద, వేళ్లు మీటల మీద, చెవి మాత్రం లోపలి గదిలో.

రేవులో ఇనప ఖనిజం గుట్టలు పోసి ఉండేవి. అటునుంచి గాలి లేచిందంటే మా సందుకి సాయంకాలం తొందరగా వచ్చేసేది, ఎర్రగా. ఆరేసిన తెల్లచొక్కా ఇటికరంగుకి తిరిగేది. పెరుగు మూత తీస్తే మీగడ మీద మరో మీగడ. ఆ రోజుల్లో ఆమినాబీ మంచం మీద దిళ్లు ఎత్తుగా పేర్చుకుని, కూర్చునే నిద్రపోవడానికి ప్రయత్నించేది.

"పెందుర్తి వైపు ఇల్లు చూసుకోకూడదా? అక్కడ గాలి బాగుంటుంది" అన్నాను ఒకసారి.

"పెందుర్తిలో ఓడలుంటాయేటి మాస్టారూ?" అని నవ్వాడు. "ఓడ కదిలే లోపల కాగితం ఇచ్చీయాల. నాను బస్సులో ఏలాడుకుని వచ్చీసరికి అది సింగపూరు ఎల్లిపోద్ది."

ఎనభై ఏడు వేసవిలో ఆఫీసు మేనేజరు ఆయన్ని పిలిపించి చెప్పాడు. దసరా దాటాక టైపు కాగితాలు తీసుకోరట. కంప్యూటరు కాగితమే కావాలట. నేర్చుకుని ఆఫీసుకొచ్చి కూర్చోమన్నాడు, లేదంటే ఇంట్లోనే ఒకటి పెట్టుకోమన్నాడు. ఆఫీసుకి పోవడమంటే మళ్లీ ఆ గడప గుర్తొచ్చింది నజీర్ అహ్మద్‌కి. ఇంట్లోనే పెట్టుకుంటానని చెప్పి వచ్చాడు.

ద్వారకానగరులో కంప్యూటర్లమ్మే కొట్టు నుంచి భీమశంకరరావు అనే ఆయన ఇల్లు చూడ్డానికొచ్చాడు. పెళ్లిచూపులకొచ్చినవాడిలా అరుగు నుంచి పెరడు దాకా పరిశీలించాడు. కిటికీ చెక్క మీద వేలితో గీసి, ఎర్రబడ్డ ఆ వేలిని మా అందరి ముందూ ఎత్తి పట్టుకున్నాడు.

"చూశారా సాయిబుగారూ? ఇదంతా ఇనుము. మా డిస్కు మీద అయస్కాంతం లాంటి పూత ఉంటుంది. ఒక్క రజను చాలు, మీరు రాసిందంతా గల్లంతు. కాబట్టి ముందు గది. ధూళి చేరని గది, అందులో ఏసీ, చెప్పులు బయట. ఆ తర్వాతే మిషను."

"సెప్పులిప్పీడం మాకలవాటేనండి" అన్నాడు నజీర్ అహ్మద్. ఆయన చెప్పిన వాటిలో తన చేతిలో ఉన్నది అదొక్కటే.

ఇంట్లో కిటికీ చిన్నగా ఉన్నది కొట్టుగదికే. ఆమినాబీ తమ్ముడు ఖాజా వడ్రంగం చేసేవాడు. కట్టెలూ డబ్బాలూ బయట పడేసి, గోడలకు నున్నగా పూత పూయించి, కిటికీకీ తలుపుకీ చుట్టూ రబ్బరు బిగించాడు. ఏదో ఆఫీసులో తీసేసిన పాత ఏసీ ఒకటి దొరికింది. గది తయారైంది. మిషను ఇంకా రాలేదు. ఏ మిషను కావాలో కాగితం మీద చూసి ఎంచుకుని చెప్పమని భీమశంకరరావు బొమ్మల పుస్తకాలు ఇచ్చి వెళ్లాడు.

ఆ వారంలోనే ఓ మధ్యాహ్నం గాలి ముదిరింది. ఆమినాబీకి కూర్చున్నా ఊపిరి అందలేదు. నజీర్ అహ్మద్, ఖాజా ఇద్దరూ ఆమెను మంచంతో సహా ఎత్తి ఆ ఖాళీ గదిలో పెట్టారు. ఏసీ వేసి తలుపు మూశారు. ఖాజా పనికి పోయాడు. ఈయన వచ్చి టైపుమిషను ముందు కూర్చున్నాడు. నేను అరుగు మీద ఉన్నాను. టకటకలు, గంట. టకటకలు, గంట. ఉన్నట్టుండి వేళ్లు ఆగిపోయాయి.

"మాస్టారూ, ఏటైనా ఇనపడతందా?"

"ఏసీ గుర్రు తప్ప ఏమీ వినపడ్డం లేదే."

"అదే." ముఖం సున్నంలా ఉంది. "ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆగలేదు. నా కాళ్లు లెగడం లేదు. మీరు సూడండి, మీకు పున్నెముంటాది."

తలుపు తీశాను. కొత్త సున్నం వాసన, చెరువు గట్టు మీది వేకువలాంటి చలి. దిళ్లన్నీ ఒక పక్కకి జారిపోయి ఉన్నాయి. ఆమినాబీ వెల్లకిలా పడుకుని, నోరు మూసుకుని, నిద్రపోతోంది. దుప్పటి మెల్లగా లేస్తోంది, మెల్లగా దిగుతోంది. పోటు లేని సముద్రంలా. ఎప్పుడొచ్చాడో నా వెనక నజీర్ అహ్మద్. టోపీ తీసి చేతిలో పట్టుకుని, లోపలికి అడుగుపెట్టకుండా, గాలి వృథా పోతుందని గుర్తొచ్చి తలుపు దగ్గరికేశాడు.

ఆ రోజు నుంచి మొదలైంది ఎంపిక.

గదిలో మంచం పడితే ఒక మనిషి పక్కకి తిరిగి నిలబడేంత చోటు మిగిలేది. కొలతలు బొమ్మల పుస్తకంలో ఉన్నాయి. పాత వార్తాపత్రికలు తీసుకుని మానిటరంత ఒక ముక్క, మీటల పలకంత ఒకటి, డిస్కుల పెట్టెకొకటి, ప్రింటరుకొకటి, కరెంటు తూకంగా ఇచ్చే స్టెబిలైజరుకొకటి కత్తిరించాడు. మంచం చుట్టూ నేల మీద పరిచి చూసేవాడు. ఒకటి చోటు చేసుకుంటే ఇంకొకటి మంచం కోడు కిందికి పోయేది. కత్తిరించినవి పారేసి, ఇంకో కంపెనీ కొలతలతో మళ్లీ కత్తిరించేవాడు. ఇరుకింటికి వచ్చిన చుట్టాల్లా ఆ కాగితాలు ఎప్పుడూ ఒకరు ఎక్కువయ్యేవారు. ఎక్కువయ్యేది ప్రింటరే.

ఆ గదిలో ఉన్నంతసేపూ ఆమినాబీకి మాటలు కూడా తిరిగొచ్చాయి.

"ఇదిగో, నా కాలు నీ టీవీ మీద పడిపోనాది. మరేటవ్వదు కదా?"

"అది టీవీ కాదే, మానిటరు."

"పేరేదైతే ఏటి, నలగలేదు. గట్టి సరుకే. కొనీయ్."

"బావా, అక్కని గోడకి నిలబెట్టీ, సోటు సరిపోద్ది" అన్నాడు గుమ్మంలోంచి ఖాజా.

"నిన్ను పెరట్లో నిలబెడతాన్రా, కాకులు రాకుండా ఉంటాయి."

ముగ్గురూ నవ్వారు. నజీర్ అహ్మద్ నవ్వుతూనే ప్రింటరును ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిపాడు.

కంప్యూటర్ల కొట్టుకు నేనూ వెంట వెళ్లాను. ఆయన అడిగినవన్నీ చిన్నపిల్లలు తల్లిని అడిగేలాంటివి. పెట్టెను మంచం కింద పెట్టొచ్చా? పరుపు దూది రాలుతుందన్నాడు భీమశంకరరావు. ప్రింటరును హాల్లో ఉంచితే? వైరుకు సందు వదలాలి, సందులోంచి ధూళి వస్తుంది. ఒక మనిషి గదిలో పడుకునుంటే? మధ్యలో ఆవిరి పట్టుకుంటే?

"ఆవిరా? మిషన్లున్న గదిలోనా? సాయిబుగారూ, అది మనుషుల కోసం కట్టిన గది కాదండీ."

నజీర్ అహ్మద్ బొమ్మల పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు.

"పోనీ, దుమ్ముకి ఓర్సుకునే మిషను ఏదీ లేదాండి?"

"ఎందుకు లేదూ? మీ టైపుమిషనే."

ఎగతాళిగా అనలేదతను. జాలిగానే అన్నాడు.

దసరా దగ్గరపడింది. ఒకరోజు ఆమినాబీయే తేల్చేసింది. "మీ పంచాయితీ సాలు. నాను హాల్లో పడుకుంటాను. మిషను తెచ్చీ. పని లేకపోతే ఆ ఏసీ మాత్రం ఏ డబ్బుతో తిప్పుతావ్?" మంచం బయటికి వేయించుకుంది. తెల్లారేసరికి ఆమె పెదాలకు ఆ పాత నలుపు వచ్చేసింది. నేనూ నజీర్ అహ్మదూ మంచం మళ్లీ లోపలికి మోశాం. మోస్తుంటే మా కాళ్ల కింద కాగితం కంప్యూటరు చిరిగింది. ఆయన వంగి ముక్కలు ఏరుకున్నాడు. నేనూ ఒక ముక్క ఏరి ఆయన చేతికిచ్చాను. ఏ మాట అన్నా ఒకరి ఊపిరి మీదే పడుతుంది.

అటు ఆమె చెప్పింది కూడా నిజమే. దసరా వెళ్లింది. కాగితాలు తెచ్చే మనిషి మా సందు మానేశాడు. గంట పలచబడింది. ఎప్పుడైనా అద్దె కాగితమో, అర్జీయో. ఏసీ మొదట పగలంతా తిరిగింది, తర్వాత మధ్యాహ్నాలే తిరిగింది, తర్వాత ఆగింది. రబ్బరు బిగించిన గదిలో అది ఆగితే డబ్బాలో పెట్టి మూత వేసినట్టే. ఖాజా వచ్చి, తను బిగించిన రబ్బరును తనే ఊడదీశాడు. ఆ పూట ఏ వేళాకోళమూ ఆడలేదు. కిటికీ తెరుచుకుంది. తెల్లగోడ కింది నుంచి మెల్లగా ఎర్రబడుతూ వచ్చింది, మెల్లగా నిద్రలేస్తున్న కన్నులా.

మరుసటి వేసవిలో నాకు పద్మనాభం బడికి బదిలీ అయింది. చెప్పి వెళ్దామని వాళ్లింటికి వెళ్లాను. సందు మొగలో గంట వినపడలేదు. పిల్లికూత వినపడింది, చెవి అప్పగించక్కర్లేకుండానే.

కొట్టుగదిలోనే ఉన్నారిద్దరూ. ఆమె దిళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, గాలిని గుక్కలు గుక్కలుగా తాగుతోంది. ఆయన నేల మీద బాసింపట్టు వేసుకుని, కత్తెర పక్కన పెట్టుకుని ఉన్నాడు. మంచం చుట్టూ కొత్తగా కత్తిరించిన కాగితాలు, గాలికి లేవకుండా ఒక్కోదాని మీద ఒక గులకరాయి. కొత్త మోడళ్లు వచ్చాయట. ఈసారివి ఇంకొంచెం చిన్నవట. నన్ను చూసి నీలం పోయిన వేళ్లతో దణ్ణం పెట్టాడు.

ఆమెకని తెచ్చిన కమలాపళ్లు మంచం మీద పెడదామని లోపలికి అడుగు వేశాను.

"ఆ మూల కాలెట్టకండి మాస్టారూ, ప్రింటరుందక్కడ."